రంపపు ఈగల తల్లి వంశం

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో వ్యవసాయాధికారి పోస్టులకు చదువుకునే పిల్లలకు ఈ ప్రశ్న కంఠతా వచ్చు. ఆవ పంటను తినే రంపపు ఈగది ఏ క్రమం, ఏ కుటుంబం? జవాబు: హైమెనాప్టెరా, టెంత్రెడినిడే. చీమలు, తేనెటీగలు, కందిరీగలు ఉన్న క్రమమే అది. 2022లో చైనా, టర్కీ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కొందరు ఈ ఈగ ఉన్న అథాలియా ప్రజాతిని టెంత్రెడినిడే నుంచి విడదీసి, అథాలియిడే అని వేరే కుటుంబంగా నిలబెట్టారు. ఒక పురుగు చుట్టాలెవరో తేల్చడానికి దేన్ని నమ్మాలి అన్న పాత తగాదాలో ఇది తాజా అంకం. ఆ తగాదాకు నడిబొడ్డున ఉన్నది మైటోకాండ్రియా డీఎన్‌ఏ.

ఇక్కడ వాదించేవారు ఇద్దరు. ఒకరు నారాయణగూడలో డిగ్రీ విద్యార్థులకు ఏళ్ళ తరబడి జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. ఇంకొకరు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు చిక్కడపల్లిలో ఉంటూ కీటకాల డీఎన్‌ఏ మీద పనిచేస్తున్న పరిశోధకురాలు.

లెక్చరర్: ముందు పురుగును చూడమ్మా, డీఎన్‌ఏ సంగతి తర్వాత. ముల్లంగి ఆకును వెనక్కి తిప్పితే నలుపు కలిసిన పచ్చరంగులో కనిపిస్తుంది. వేలు తగిలిందంటే చుట్ట చుట్టుకుని కింద పడిపోతుంది, చచ్చినట్టు కదలకుండా ఉంటుంది. చూసినవాళ్ళు గొంగళి పురుగనే అనుకుంటారు. పొట్ట కింద కాళ్ళు లెక్కపెడితే గుట్టు తెలిసిపోతుంది. సీతాకోకచిలుకల గొంగళికి ఆ కాళ్ళు ఐదు జతలకు మించవు, దీనికి ఎనిమిది జతలు. తలకు అటూ ఇటూ ఒక్కొక్క కన్నే ఉంటుంది. ఇక పెద్దదైన ఆడ ఈగను లెన్స్ కింద పెట్టు. పొట్ట చివర వరసగా పళ్ళున్న రంపం, దాంతో ఆకు అంచును చీల్చి లోపల గుడ్డు దూరుస్తుంది. నడుము చూస్తే చీమకూ కందిరీగకూ ఉన్నట్టు సన్నగా నొక్కుకుపోయి ఉండదు. ఇన్ని గుర్తులు కళ్ళ ముందు ఉండగా, కణంలో ఒక మూలనున్న 16 వేల అక్షరాల వలయాన్ని చదివి వంశం చెబుతానంటే ఎలా నమ్మాలి?

పరిశోధకురాలు: మీరు నేర్పిన గుర్తులను నేను కాదనను సార్. కానీ అవే మోసం చేసే చోట్లున్నాయి. చెట్టు మానులో, గడ్డి కాడలో తొలుచుకుని బతికే రంపపు ఈగల పురుగులకు ఆ పొట్టకాళ్ళు పోయాయి. కాళ్ళు లేవు కాబట్టి అవన్నీ దగ్గరి చుట్టాలని రాసేయలేం కదా! ఇరుకు సొరంగంలో బతికేదానికి ఆ కాళ్ళతో పని లేదు. ఆకారంలో సగం బతుకుతెరువు కనిపిస్తుంది. మైటోకాండ్రియాలో 37 జన్యువులుంటాయి, 13 ప్రొటీన్లకు, 22 టీఆర్‌ఎన్‌ఏలకు, 2 ఆర్‌ఆర్‌ఎన్‌ఏలకు. ఈగ నుంచి మనిషి దాకా దాదాపు అన్ని జంతువుల్లోనూ ఇవే. దేన్ని దేనితో పోల్చాలో తడుముకోవలసిన అవసరం లేదు. కేంద్రకంలో జన్యువులు రెట్టింపవుతాయి, కొన్ని రాలిపోతాయి, అసలుకు జోడీ ఏదో వెతుక్కోవడమే పెద్ద పని. పైగా ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ వందల వేల కాపీలుంటుంది. ఎప్పుడో పిన్నుకు గుచ్చి పెట్టెలో పెట్టిన ఈగ నుంచి ఎండిన కాలు ఒకటి తీసుకున్నా చాలాసార్లు చదవడానికి సరిపోతుంది.

లెక్చరర్: సులువుగా దొరకడం వేరు, నిజం చెప్పడం వేరు. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది చూడు, ఇదీ అలాంటిదే, దిక్కు ఒక్కటే తేడా. పదో తరం వెనక్కి వెళితే లెక్కకు 1,024 మంది పూర్వీకులు. ఇంటిపేరు వాళ్ళలో ఒక్కడిది. మిగతా 1,023 మంది సంగతి అది చెప్పదు. 37 జన్యువులంటున్నావు గానీ, అవన్నీ ఒకే వలయం మీద, ఒకదాన్నుంచి ఒకటి విడిపోకుండా కట్టగట్టుకుని వస్తాయి. లెక్కకు 37, సాక్ష్యానికి ఒక్కటే.

పరిశోధకురాలు: ఒకే జాతి లోపల, నిన్నా మొన్నా విడిపోయిన జాతుల మధ్య మీ మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. రంపపు ఈగల కుటుంబాలు విడిపోయింది అలా కాదు, కోట్ల ఏళ్ళ కిందట. అంత దూరం నుంచి చూసినప్పుడు తల్లి వైపు గీత, తండ్రి వైపు గీత చాలాచోట్ల ఒకే చెట్టు కొమ్మ మీద కలుస్తాయి. దీని పనితనానికి మన ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. 2005లో ఇక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం అండమాన్ ఒంగేలు, గ్రేట్ అండమానీయుల మైటోకాండ్రియా జీనోమ్‌లు పూర్తిగా చదివి 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. వాళ్ళ తల్లి వంశాలు ఎం31, ఎం32 అనే పాత కొమ్మలనీ, వేల ఏళ్ళుగా ఒంటరిగా నిలిచిపోయిన సంతతి అనీ చెప్పింది. అదే పరిశోధనలో నికోబారీయులు తూర్పు ఆసియా వైపు చుట్టాలని తేలింది. అడవి జంతువుల కేసుల్లో పట్టుబడిన మాంసం ముక్క ఏ జంతువుదో చెప్పడానికి సీసీఎంబీలో రూపొందించిన పద్ధతి కూడా మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువు మీదే నడుస్తుంది. కోర్టుకు పనికొచ్చిన సాక్ష్యం కీటకాలకు పనికిరాదా?

లెక్చరర్: మాంసం జింకదా మేకదా అని చెప్పడానికి అది బ్రహ్మాండం. ఆ ప్రశ్న చిన్నది. అండమాన్ కథ మాత్రం నువ్వు సగంలో ఆపేశావు. మరుసటి ఏడాదే అదే పత్రికలో ఒక అభ్యంతరం వచ్చింది. ఎం31కు దగ్గరి కొమ్మ ఒకటి ప్రధాన భూభాగంలో రాజ్‌బంశీల్లో కనిపించిందని. ఇక 2009లో అదే సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందం కలిసి 25 సముదాయాల నుంచి 132 మంది కేంద్రక డీఎన్‌ఏలో 5 లక్షల 60 వేలకు పైగా చోట్లు పరిశీలించారు. భారతీయుల్లో ఎక్కువమంది రెండు పురాతన వంశాల కలయిక అన్న సంగతి అప్పుడు బయటపడింది. తల్లి గీతను మాత్రమే పట్టుకుని ఎంత దూరం వెళ్ళినా ఆ కలయికకు కొలత దొరకదు. సీసీఎంబీయే మైటోకాండ్రియాతో మొదలుపెట్టి, దాన్ని దాటి వెళ్ళవలసి వచ్చింది. మీ రంపపు ఈగల వాళ్ళు మాత్రం మొదటి మెట్టు మీదే ఎందుకు కూర్చున్నారంటాను.

పరిశోధకురాలు: మొదటి మెట్టు వేయకుండా రెండోది ఎక్కలేం కదా సార్. ఎవరి నుంచి రక్తం తీసుకోవాలో, ఏ సముదాయం ఆసక్తికరమో ముందే చెప్పింది తల్లి గీతే.

సీసీఎంబీ ఉదాహరణ ఇద్దరికీ పనికొచ్చిందంటే అందులో లోతు ఉందనే అర్థం. కానీ ఆ మనుషుల కొమ్మలు లక్ష ఏళ్ళలోపువి. అసలు బరువు రంపపు ఈగల మీదే పడుతుంది. ప్రపంచంలో వీటి జాతులు 8 వేలకు పైగా ఉన్నాయి, ఎక్కువ భాగం చల్లని ఉత్తర దేశాల్లో. మన దేశంలోనూ హిమాలయాలే వీటి కోట. పటియాలాలోని పంజాబీ యూనివర్సిటీకి చెందిన మల్కియత్ సింగ్ సైనీ జీవితమంతా వాటిని వర్గీకరించారు. దక్కన్ పీఠభూమి మీద తరచుగా కంటబడే కొద్దివాటిలో ఈ అథాలియా ఒకటి.

లెక్చరర్: అయితే నీ రంగంలోకే వస్తాను. రంపపు ఈగల్లో మొట్టమొదట మైటోకాండ్రియా జీనోమ్‌ను దాదాపు పూర్తిగా చదివింది దేనిది?

పరిశోధకురాలు: పెర్గా కోండియై, ఆస్ట్రేలియాది. 2005లో కాస్ట్రో, డౌటన్ చదివారు. అంతకు ముందు హైమెనాప్టెరా మొత్తానికి తేనెటీగే ముఖ్య ప్రతినిధి. 1993లో క్రోజియర్ దంపతులు చదివినది, 16,343 అక్షరాలు. అందులో నూటికి 85 దాకా ఎ, టి అక్షరాలే. అంత ఒకవైపు ఒరిగిపోయిన డీఎన్‌ఏను వేరే కీటకాలతో పోలిస్తే, చుట్టరికం లేకపోయినా అక్షరాల పోలిక వల్ల దగ్గరకు చేరతాయి. రంపపు ఈగ మైటోకాండ్రియా మెల్లగా మారింది, ఒరుగు కూడా తక్కువ. అందుకే పెర్గాను ఎంచుకున్నారు. 2009లో డౌటన్, కామెరాన్, ఆస్టిన్, వైటింగ్ రాసిన వ్యాసం ఇదే విషయాన్ని నొక్కి చెప్పింది. ఈ ఒక్క క్రమంలోనే వేగంగా మారే మైటోకాండ్రియాలు, నిదానంగా మారేవి రెండూ ఉన్నాయి. నాసోనియా అనే చిన్న పరాన్న కందిరీగది కేంద్రకం కంటే పదుల రెట్లు వేగంగా మారుతుంది. రంపపు ఈగది అలా పరుగెత్తదు. జన్యువుల వరస కూడా చాలావరకు పూర్వీకుల వరసే. మారేది ఎక్కువగా ఐ, క్యు, ఎం అనే మూడు టీఆర్‌ఎన్‌ఏల గుత్తి దగ్గర, ఇంకా ఒకటి రెండు చోట్ల. అక్షరం మారితే మళ్ళీ వెనక్కి మారవచ్చు, జన్యువు స్థలం మారితే వెనక్కి రావడం అరుదు. అలాంటి మార్పు రెండు ప్రజాతుల్లో ఒకేలా కనిపిస్తే దాన్ని తీసిపారేయలేం.

లెక్చరర్: పెర్గా ఇంత మంచి నమూనా కదా, మరి ఆ 2005 వ్యాసం ఏం తేల్చింది? సీతాకోకచిలుకలు, ఈగలు ఉన్న గుంపుకు హైమెనాప్టెరా అక్కచెల్లెలని. మరుసటి ఏడాది, 2006లో, 185 కేంద్రక జన్యువులతో సవార్డ్ బృందం చూస్తే కథ తిరగబడింది. పూర్తి రూపాంతరం చెందే కీటకాల్లో అందరికంటే ముందు విడిపోయిన కొమ్మ హైమెనాప్టెరాయే అని తేలింది. 2014లో మిసోఫ్ బృందం 1,478 జన్యువులతో చూసినా అదే వచ్చింది. మెల్లగా మారేది, ఒరగనిది, ఏరి కోరి తెచ్చుకున్నది, దానితోనే పెద్ద ప్రశ్నకు తప్పు జవాబు వచ్చింది.

పరిశోధకురాలు: అది తప్పే. దాన్ని వెనకేసుకు రాను. కానీ అప్పుడు చేతిలో ఉన్నది ఒక్క రంపపు ఈగ. ఈ ఇరవై ఏళ్ళలో చైనాలో జియాంగ్‌షీ నార్మల్ యూనివర్సిటీలో వే మెయ్‌సాయ్, న్యూ గెంగ్‌యున్ వాళ్ళు, టర్కీలో కోర్క్‌మాజ్ బృందం ఎన్నో కుటుంబాల నుంచి మైటోకాండ్రియా జీనోమ్‌లు చేర్చారు. గడ్డి కాడలు తొలిచే సెఫిడే నుంచి కూడా. లెక్కకట్టే పద్ధతులూ మారాయి. ప్రతి స్థానం ఒకే వేగంతో మారదని ఒప్పుకునే నమూనాలు వచ్చాయి. జన్యువు కోడ్‌లోని ప్రతి మూడక్షరాల్లో మూడో స్థానపు అక్షరాన్ని వదిలేయడం, అక్షరాలకు బదులు ప్రొటీన్ వరసను పోల్చడం మామూలైపోయింది. మీరు ఎదురు పెట్టే కేంద్రక పరిశోధనల్లో జన్యువులు వేలల్లో ఉంటాయి, రంపపు ఈగల జాతులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 2017లో పీటర్స్ బృందం 173 కీటకాల నుంచి 3,256 జన్యువులు తీసింది. ఆ 173లో తేనెటీగలు, కందిరీగల వాటా పెద్దది. కొమ్మకు ఒక్క ఆకు పెట్టి చెట్టు గీస్తే ఆ కొమ్మ ఎక్కడ చీలిందో నమ్మకంగా ఎలా చెప్పగలం?

లెక్చరర్: ఆ మాట నిజమే. జాతులు తక్కువైతే వేల జన్యువులు కలిసి తప్పు జవాబునే గట్టిగా చెప్పే ప్రమాదం ఉంది. ఒప్పుకుంటున్నాను. కానీ దగ్గరి జాతుల దగ్గరకు వస్తే నీ వైపున ఉన్న గొయ్యి అంతకన్నా లోతు. ఉత్తర అమెరికా పైన్ చెట్ల మీద నియోడిప్రియాన్ అనే రంపపు ఈగలు ఉంటాయి. 2007లో లిన్నెన్, ఫారెల్ వాటి మైటోకాండ్రియా చెట్టు, కేంద్రకం చెట్టు రెండూ గీశారు. రెండూ పొంతన లేకుండా వచ్చాయి. పక్క జాతితో అప్పుడప్పుడూ జత కట్టడంతో మైటోకాండ్రియా ఒక జాతి నుంచి ఇంకో జాతిలోకి విచ్చలవిడిగా చొరబడిందని తేలింది. తల్లి వంశం అనుకుని చదువుతున్నది పొరుగింటిదై ఉంటే ఏం చేస్తావు?

పరిశోధకురాలు: దానికి నేనూ ఒకటి చేరుస్తాను సార్, మీ పక్షానికే. 2020లో ప్రౌస్, లీ, ముటానెన్ ఎంప్రియా అనే రంపపు ఈగల ప్రజాతిలో ఇదే చూశారు, మైటోకాండ్రియా, కేంద్రకం గట్టిగా విభేదించాయి. ల్యాబులో ఒక నమూనా డీఎన్‌ఏ ఇంకోదానిలో కలిసిపోయిన గొడవను కూడా వాళ్ళు దాచకుండా రాశారు. కాబట్టి జాతుల స్థాయిలో ఒక్క మైటోకాండ్రియాతో తీర్పు చెప్పకూడదు. కానీ ఈ చొరబాటు జత కట్టగలిగినంత దగ్గరి వాటి మధ్యే జరుగుతుంది. జైలిడేకూ అథాలియాకూ మధ్య జరగదు. మనం మాట్లాడుతున్నది ఆ లోతు గురించి.

జైలిడే ప్రస్తావన వచ్చేసరికి వాదం అసలు ముడి దగ్గరకు వచ్చింది. ఈ రంపపు ఈగల కుటుంబంలో ఇప్పుడు బతికున్నవి వంద జాతుల లోపే. చాలావాటి పురుగులు పైన్ చెట్ల మగ శంకువుల్లో పుప్పొడి తిని పెరుగుతాయి. హైమెనాప్టెరాలో తెలిసిన అతి పాత శిలాజాలు ఈ కుటుంబానివే, ట్రయాసిక్ యుగం నాటివి. అందుకే చీమ, తేనెటీగ, కందిరీగ అన్నింటికీ ముందు విడిపోయిన కొమ్మ జైలిడేదేనని ఆకారం చూసే శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు.

లెక్చరర్: ఆ నమ్మకానికి బలమైన ఆధారాలున్నాయి. రెక్కల నరాల అమరిక వాటిలో అన్నింటికంటే పూర్తిగా మిగిలింది. 2012లో రోంక్విస్ట్ బృందం శిలాజాల ఆకారాన్నీ, బతికున్నవాటి డీఎన్‌ఏనూ ఒకే లెక్కలో కలిపి హైమెనాప్టెరా పుట్టుక 30 కోట్ల 90 లక్షల ఏళ్ళ కిందటిదని అంచనా కట్టింది.

పరిశోధకురాలు: 2017లో పీటర్స్ వాళ్ళ 3,256 జన్యువులు వేరే మాట చెప్పాయి. జైలిడే ఒంటరి కొమ్మ కాదు, ఆకులు తినే మిగతా రంపపు ఈగలతో కలిసి ఒకే గుంపు, యూసింఫైటా. వయసు కూడా 28 కోట్ల 10 లక్షల ఏళ్ళు. చూశారా, కేంద్రక జన్యువులు మీరు దశాబ్దాలు బోధించిన చెట్టునే తిరగరాస్తున్నాయి. ఆకారం, కేంద్రకం రెండూ మీ వైపే అనుకున్నారు, అవే ఒకదానితో ఒకటి పడటం లేదు. అలాంటప్పుడు మూడో ఆధారాన్ని, అదీ అన్ని కుటుంబాల నుంచి తీయగలిగినదాన్ని, పక్కన పెట్టమంటారా?

లెక్చరర్: పక్కన పెట్టమనను. యూసింఫైటా నిజమైతే నేను చెప్పిన పాఠంలో ఒక భాగం మార్చుకోవాలి. మొదటి హైమెనాప్టెరా జైలిడేలా ఉండేదని చెప్పే ధైర్యం తగ్గుతుంది. కానీ ఈ కొమ్మలు చీలింది చాలా కొద్ది కాలంలో, ఒకదాని వెంట ఒకటిగా. ఆ కొద్ది కాలంలో మారిన అక్షరాలు కొన్నే, వాటి మీద తర్వాత కోట్ల ఏళ్ళ మార్పులు పేరుకున్నాయి. 16 వేల అక్షరాల్లో ఆ కొన్ని ఎన్ని మిగిలి ఉంటాయి? అథాలియా రోజే అనే జాతి కేంద్రక జీనోమ్‌ను 2020లో ప్రచురించారు, 16, 17 కోట్ల అక్షరాలు. వెతకవలసింది అక్కడ.

పరిశోధకురాలు: మీరు వెతకమన్న చోటికి టికెట్ ఖరీదు ఎక్కువ సార్. మంచి కేంద్రక జీనోమ్‌కు తాజా ఈగ కావాలి, పట్టిన వెంటనే చల్లబరచాలి. హిమాలయాల నుంచి తెచ్చి దశాబ్దాలుగా పెట్టెల్లో ఉన్నవాటి సంగతేమిటి? కొన్ని చోట్ల అడవే పోయింది, ఆ ఈగ మళ్ళీ దొరుకుతుందో లేదో. ఎండిన కాలు నుంచి మైటోకాండ్రియా వస్తుంది, కేంద్రకం ముక్కలు ముక్కలుగా వస్తుంది. పది జాతుల పూర్తి జీనోమ్‌లు తీసే డబ్బుతో మన దేశంలోని ఎన్నో ప్రజాతుల మైటోకాండ్రియాలు చదవొచ్చు. ఏ ప్రజాతి ఎక్కడ వింతగా కూర్చుంటుందో ముందు తెలిస్తే, ఆ పది ఏవో ఎంచుకోవడమూ తేలికవుతుంది.

లెక్చరర్: ముందు తప్పు చోట కూర్చోబెట్టి, ఆ తప్పును బట్టి పది ఎంచుకుంటే? అదే నా భయం. పైగా ఆ ముక్కల కేంద్రకంలో కూడా పనికొచ్చే జన్యువులు వందలు దొరుకుతాయి. వాటిని పారేసి వలయం ఒక్కటే ప్రచురించే అలవాటు మానాలంటాను.

పరిశోధకురాలు: దానికి ఒప్పుకుంటాను. ఒకే డీఎన్‌ఏ నుంచి రెండు చెట్లూ గీసి పక్కపక్కనే అచ్చు వేస్తాను, పొంతన కుదిరినా కుదరకపోయినా. ఈ రబీలో ఆవ, ముల్లంగి మొలక దశలో ఉన్నప్పుడు మీరు నాకు మగ ఈగలు పట్టి పంపండి. వాటిది ఒంటి సెట్టు జీనోమ్ కాబట్టి ముక్కలు కలపడం సులువు.

లెక్చరర్: పంపుతాను. కానీ ప్రతిదానికీ జోడీగా ఇంకో ఈగను పిన్నుకు గుచ్చి, ఊరు, తేదీ, ఏ మొక్క మీద పట్టిందీ చీటీ రాసి నా దగ్గర ఉంచుకుంటాను. డీఎన్‌ఏ తీసినదానివి కూడా రెక్కలు, తల నాకు తిరిగి రావాలి. ఎంప్రియా విషయంలో జరిగినట్టు రేపు నీ రెండు చెట్లు విభేదిస్తే, కారణం చొరబాటా, నమూనాలు కలిసిపోవడమా అని చూసుకోవడానికి అసలు ఈగ చేతిలో ఉండాలి.

పరిశోధకురాలు: తల, రెక్కలు ఇస్తాను సార్. కాళ్ళు మాత్రం మూడు నావి.